అర మార్కు, క్వింటాలున్నర మిర్చి

“అర మార్కు కోసం మళ్ళీ పదిహేడు వేలు కట్టాలంటరా?”

2025 జనవరిలో మా బాబాయి ఫోన్ చేసి అడిగిన మాట ఇది. అప్పుడాయన చిలకలూరిపేట దగ్గర మా ఊళ్ళో, మిర్చి కల్లంలో ఉన్నాడు. వెనకాల కూలీల మాటలు, మధ్యమధ్యలో ఎవరిదో తుమ్ము. మా చెల్లి (బాబాయి కూతురు, మా ఇంట్లో ‘కజిన్’ అనే మాట లేదు) డిసెంబర్‌లో ఐఈఎల్‌టీఎస్ రాసింది. లిజనింగ్ 7, రీడింగ్ 6.5, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6. ఐర్లండ్‌లో తను అప్లై చేసిన యూనివర్సిటీ అడిగింది ఓవరాల్ 6.5, ఏ విభాగంలోనూ 6కి తగ్గకూడదు.

లెక్క చూడండి. నాలుగూ కూడితే 25, నాలుగుతో భాగిస్తే 6.25. ఈ పరీక్షలో సగటు చివర 0.25 వస్తే పైనున్న అరకీ, 0.75 వస్తే పైనున్న పూర్తి అంకెకీ జరుపుతారు. అంటే ఓవరాల్ 6.5 వచ్చేసింది. కావలసిందీ అదే. కానీ రైటింగ్‌లో ఆ 5.5 దగ్గర బండి ఆగిపోయింది.

బాబాయికి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. అర్థమయ్యాక ఆయన అన్నది: “అంటే సరుకంతా బాగుంది, తేమ ఒక్కటి ఎక్కువుందని రేటు కోశారంటావు.” ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఆ ఏడు మిర్చి సంగతి మీకు తెలిసే ఉంటుంది. అంతకు ముందు ఇరవై వేలు దాటి పలికిన తేజ రకం ధర సగానికి పడింది. ఫిబ్రవరిలో గుంటూరు యార్డు దగ్గర రైతుల ఆందోళనల తర్వాత కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు అని ప్రకటించింది. ఆ లెక్కన పరీక్ష ఫీజు దాదాపు క్వింటాలున్నర మిర్చి. కోత కూలి, మందుల ఖర్చు, కోల్డ్ స్టోరేజీ అద్దె ఏమీ తీయకుండానే. అందుకే ఈ వారం కాలమ్‌లో ‘ఐఈఎల్‌టీఎస్ స్కోర్ పెంచుకోవడానికి టిప్స్’ అని సరదాగా రాయబుద్ధి కావడం లేదు. మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఈ ఫీజు ఏదో ఒక పంట లెక్కలోంచే వస్తుంది.

ముందు నా సంగతి చెప్పాలి. 2019లో, బీటెక్ చివరి ఏడాదిలో, నేనూ ఈ పరీక్ష రాశాను. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్ళూ ఇంగ్లిష్‌లో రాసి పాసయ్యాను కాబట్టి ఇంగ్లిష్ వచ్చేసిందని ధీమా. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. అక్కడ మొదటి రోజే ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారు. నలభై వాక్యాలు. “ఇన్ దిస్ మోడర్న్ ఎరా ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ” అని మొదలవుతుంది. ఏ టాపిక్ వచ్చినా ఈ వాక్యాల మధ్యలో టాపిక్ పేరు పెట్టడమే పని. ఖాళీలు పూరించుము అన్నమాట. నాకు రైటింగ్‌లో 5.5 వచ్చింది. అవును, చెల్లికి వచ్చిందే. “నీ ఇంగ్లిష్ ఇంకా ఇంప్రూవ్ కావాలి, ఇంకో నెల చేరు” అన్నారు. చేరలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చేశాను. ఆ స్కోర్ కాగితానికి రెండేళ్ళే గడువు, అది ఎప్పుడో చెల్లకుండా పోయింది.

ఇన్నేళ్ళ తర్వాత చెల్లి తన వ్యాసాలు ఫొటోలు తీసి పంపిస్తే చూశాను. మొదటి వాక్యం, “ఇన్ దిస్ మోడర్న్ ఎరా.” కోచింగ్ సెంటర్ వేరు, ఊరు వేరు. జిరాక్స్ కాగితం మాత్రం అదే!

ఆ రాత్రి కూర్చుని ఐఈఎల్‌టీఎస్ వాళ్ళ వెబ్‌సైట్‌లో బ్యాండ్ డిస్క్రిప్టర్లు చదివాను. 2019లోనే చదవాల్సింది. ఏ మార్కుకి ఏం ఉండాలో వాళ్ళే ఫ్రీగా రాసిపెట్టారు. సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్ని రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ అంటాం. అది చదవకుండా కోడ్ రాసేవాణ్ణి మా ఆఫీసులో ఏమంటారో ఇక్కడ రాయలేను. నేను పరీక్షకి సరిగ్గా అదే చేశాను.

రైటింగ్‌కి నాలుగు కొలతలు, నాలుగింటికీ సమాన వాటా. అడిగినదానికి జవాబు చెప్పావా, ఒక మాటకీ ఇంకో మాటకీ పొంతన ఉందా, పదాలు ఎన్ని తెలుసు ఎంత సరిగ్గా వాడావు, వ్యాకరణం ఎంత వైవిధ్యంగా, ఎంత తప్పుల్లేకుండా ఉంది. అందమైన వాక్యాల కొటేషన్లకు ఎక్కడా మార్కుల్లేవు. పైగా బట్టీ కొట్టిన వాక్యాలను పట్టుకోవడానికి ఎగ్జామినర్లకు శిక్షణే ఉంటుంది. యార్డులో టిక్కీ పైన మంచి కాయలు పేర్చి లోపల తాలు కాయలు పెడితే కొనేవాడు చెయ్యి లోపలిదాకా పెట్టి చూడడా? ఇదీ అంతే. మీ మొదటి వాక్యం ఆక్స్‌ఫర్డ్ స్థాయిలో ఉండి రెండో వాక్యంలో “పీపుల్ ఈజ్” అని ఉంటే, ఏది మీ సొంతమో చదివేవాళ్ళకు తెలిసిపోతుంది.

చెల్లి వ్యాసం ఒకటి తీసుకుందాం. ప్రాక్టీస్ ప్రశ్న ఇది: నగరాల్లో సొంత వాహనాలను నిషేధించాలని కొందరంటారు, మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు? చెల్లి వాహనాల వల్ల లాభాలు ఒక పేరా, నష్టాలు ఒక పేరా రాసి, “కాబట్టి ప్రతిదానికీ రెండు వైపులుంటాయి” అని ముగించింది. ఎంతవరకు ఒప్పుకుంటావమ్మా అన్నదానికి జవాబే లేదు. ఇంగ్లిష్ ఎంత బాగున్నా, అడిగింది చెప్పకపోతే నాలుగు కొలతల్లో మొదటిది అక్కడే పోయింది. ఇది ఇంగ్లిష్ సమస్య కాదు. మనకి చిన్నప్పటినుంచీ ‘వ్యాసం’ అంటే లాభనష్టాలు రాయడమని అలవాటు. టీవీ వల్ల లాభనష్టాలు, సెల్‌ఫోన్ వల్ల లాభనష్టాలు. మన అభిప్రాయం ఎవడడిగాడు అప్పుడు?

నేను అడిగాను. “నిషేధించాలా వద్దా, నువ్వేమంటావు?”

“ఎట్టా నిషేధిస్తారన్నయ్యా, రాత్రి పూట బస్సు లేకపోతే బండి లేకుండా ఇంటికెట్టా వస్తారు?”

“అదే రాయి.”

“అది రాయొచ్చా!?”

ఆ ఆశ్చర్యం చూశాక నాకు కోపం వచ్చింది, తన మీద కాదు. ఇరవై రెండేళ్ళ అమ్మాయికి పరీక్షలో సొంత మాట రాయొచ్చని ఎవరూ చెప్పలేదు.

ఇంకో మార్గం లేదా అని కూడా చూశాం. పేపర్ మళ్ళీ దిద్దించుకోవచ్చు. ఆరు వారాల్లోపు డబ్బు కట్టి అడగాలి, స్కోర్ మారితే ఆ డబ్బు తిరిగి ఇస్తారు. కానీ తను రాసింది గుర్తు చేసుకుని చెబితే, మారుతుందన్న నమ్మకం నాకు కలగలేదు. రెండోది, ‘వన్ స్కిల్ రీటేక్’. కంప్యూటర్ మీద రాసినవాళ్ళు, 60 రోజుల్లోపు, నాలుగింట్లో ఒక్క విభాగం మాత్రం మళ్ళీ రాసుకోవచ్చు. మా కేసుకి కొలిచి కుట్టినట్టుంది. చెల్లి యూనివర్సిటీకి మెయిల్ పెట్టింది. నాలుగు స్కోర్లూ ఒకే సిట్టింగ్‌లోవి కావాలని జవాబొచ్చింది. కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. కాబట్టి మీరు డబ్బు కట్టకముందే అడగండి, కట్టాక కాదు.

మార్చిలో మొత్తం పరీక్ష మళ్ళీ రాయాలని తేలింది. ఏడు వారాలు టైముంది. అది మిర్చి కోతల కాలం. పగలు తను కల్లంలో కాయలు ఏరేవాళ్ళ దగ్గర లెక్క చూసేది, రాత్రి తొమ్మిదికి నాకు వీడియో కాల్.

నేను ఇంగ్లిష్ మాస్టర్ని కాను. నాకు తెలిసిన పని బగ్‌లు పట్టుకోవడం. అందుకని ఒక షీట్ తెరిచాను. తప్పు వాక్యం, తప్పు ఏ రకం, సరైన వాక్యం. అంతే, మూడు కాలమ్‌లు. మొదటి ఐదు వ్యాసాల్లో 90 తప్పులు తేలాయి. తొంభై అంటే భయం వేస్తుంది. రకాలుగా విడదీస్తే మాత్రం ఆరే రకాలు! అందులో 38 ఒక్క రకమే. ‘ఎ’, ‘ద’ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో.

ఎందుకో ఆలోచించండి. తెలుగులో ఆ వస్తువే లేదు. “కుక్క అరిచింది” అంటాం. ఏదో ఒక కుక్కా, మనకి తెలిసిన కుక్కా అన్నది సందర్భమే చెబుతుంది. ఇంగ్లిష్‌లో నోరు తెరవకముందే అది తేల్చుకోవాలి. చెల్లికి ఒకే సూత్రం ఇచ్చాను. వినేవాడికి ‘ఏది?’ అని అడగాల్సిన అవసరం లేకపోతే ‘ద’. మొదటిసారి ఒకటి గురించి చెబుతుంటే ‘ఎ’. మొత్తం జాతి గురించి బహువచనంలో చెబుతుంటే ఏమీ వద్దు. ఇది పూర్తి వ్యాకరణం కాదని నాకూ తెలుసు. అయినా 38లో ముప్పై దాకా దీంతోనే పోయాయి.

రెండో రకం నాకు భలే ఆసక్తిగా అనిపించింది. “బాబాయి యార్డుకి వెళ్ళి, టిక్కీలు దింపించి, రేటు అడిగి, నచ్చక, మళ్ళీ కోల్డ్ స్టోరేజీకి తోలించాడు.” ఇది తెలుగులో చక్కని ఒకే వాక్యం. వెళ్ళి, దింపించి, అడిగి అంటూ ఎన్నైనా గుచ్చుకుంటూ పోవచ్చు, చివర్లో ఒక్క క్రియ ముడి వేస్తే చాలు. చెల్లి ఇంగ్లిష్‌లోనూ అలాగే గుచ్చింది. అక్కడ ముడి లేదు కాబట్టి కామాలు పెట్టింది. నాలుగు పూర్తి వాక్యాలు, మూడు కామాలు, చివర ఒక్క ఫుల్‌స్టాప్. ఇంగ్లిష్‌లో అది పెద్ద తప్పు. “కామా పెట్టే ప్రతి చోటా ఆగు, అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టొచ్చేమో చూడు” అన్నాను. వాక్యాలు పొట్టివయ్యాయి, తప్పులు తగ్గాయి, పొంతన పెరిగింది.

మిగతావి మన అందరివీ. “దో” అని మొదలుపెట్టి మధ్యలో మళ్ళీ “బట్” పెట్టడం. “డిస్కస్” తర్వాత “అబౌట్”. “ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్”. ఒకరి గురించి చెప్పేటప్పుడు క్రియ చివరి ‘ఎస్’ మింగేయడం. మీరూ ఒకసారి మీ ఐదు వ్యాసాలు ఇలా విడదీసి చూడండి, మీ ఆరు రకాలు మీకు దొరుకుతాయి. “నాకు ఇంగ్లిష్ రాదు” అన్నది దిద్దుకోలేని మాట. “నేను ‘ద’ మర్చిపోతాను” అన్నది దిద్దుకోగలిగిన మాట.

ఒక పక్కమాట. తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో ఇంగ్లిష్‌లో వివరంగా రాసినవాళ్ళలో ముఖ్యుడు మన ఒంగోల్లోనే పుట్టాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు. జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణం ఇంగ్లిష్‌లో ప్రచురించారు. 2003లో ద్రావిడ భాషల మీద ఆయన పెద్ద పుస్తకం వేసింది కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్. ఈ ఐఈఎల్‌టీఎస్ సొంతదారులు ముగ్గురిలో ఆ కేంబ్రిడ్జ్ ఒకటి. మిగతా రెండూ బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ. పరీక్షకి దీంతో సంబంధం లేదు. కానీ ‘మన ఏరియా వాళ్ళకి ఇంగ్లిష్ రాదు’ అని ఎవరైనా అంటే చెప్పడానికి పనికొస్తుంది.

రైటింగ్‌లో ఇంకొక్క సంగతి, టైము గురించి. గంటలో రెండు టాస్కులు. మొదటిది కనీసం 150 పదాలు, రెండోది 250. రెండోదానికి మొదటిదానికంటే రెట్టింపు విలువ. చెల్లి డిసెంబర్‌లో మొదటి టాస్కులో గ్రాఫ్‌లోని ప్రతి అంకెనూ వర్ణిస్తూ ముప్పై అయిదు నిమిషాలు ఖర్చు పెట్టింది. గ్రాఫ్ వస్తే మొదట చెప్పాల్సింది మొత్తం మీద బొమ్మ ఏం చెబుతోందో, రెండు వాక్యాల్లో. ఆ తర్వాతే అంకెలు. దీనికి నేను పుస్తకాలు కొననివ్వలేదు. యార్డు ధరలు రోజూ పేపర్లో వస్తాయి, పత్తి ధరలూ వస్తాయి. వాటితో తనే గ్రాఫ్ గీసుకుని రాసేది. “మొత్తం మీద ఏం జరిగింది?” అని నేనడిగితే, “మొత్తం మీద మునిగాం” అనేది. ఓవర్‌వ్యూ అంటే అదే మరి.

లిజనింగ్, రీడింగ్ తనకి పెద్దగా ఇబ్బంది కాలేదు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. రెండింట్లోనూ 40 ప్రశ్నలు. సుమారుగా 30 సరైతే 7, ఇరవై మూడు ఆ ప్రాంతంలో ఉంటే 6. నెగెటివ్ మార్కుల్లేవు, ఏదీ ఖాళీ వదలకండి. లిజనింగ్ ఆడియో ఒక్కసారే వినిపిస్తుంది. స్పెల్లింగ్ తప్పయితే జవాబు తప్పే. అకామడేషన్‌లో రెండు ‘సి’లు, రెండు ‘ఎమ్’లు అన్నది మా ఇంట్లో ఇప్పుడు అమ్మమ్మకి కూడా తెలుసు. ‘రెండు పదాలు మించకూడదు’ అంటే మూడో పదం రాస్తే పోయినట్టే. పదం చివరి ‘ఎస్’ వినబడిందా లేదా అన్నది చెవికి అలవాటు చేయాలి.

రీడింగ్‌లో అందరినీ ముంచేది ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్. దీనికి మా ఊరి ఉదాహరణ ఒకటి. పాఠంలో “ఈ ఏడు పెద్దాయన చేలో పత్తి వేశాడు” అని ఉంది. ప్రశ్న: “పెద్దాయన ఈ ఏడు మిర్చి వేయలేదు.” చెల్లి వెంటనే ‘ట్రూ’ అంది. ఎందుకు? ఆ పెద్దాయనకి ఉన్నది ఆ ఒక్క చేనే అని తనకి తెలుసు కాబట్టి! పాఠంలో అది లేదు. ఇంకో చేలో మిర్చి వేశాడేమో, ఎవరు చూశారు? జవాబు నాట్ గివెన్. పాఠం “మిర్చి వేశాడు” అంటే ఫాల్స్. పాఠం “పత్తి తప్ప వేరే ఏదీ వేయలేదు” అంటే ట్రూ. మనకి తెలిసిన లోకజ్ఞానం అంతా ఆ గంటసేపు గడప బయట చెప్పులతో పాటు వదిలేయాలి.

స్పీకింగ్ దగ్గర మాత్రం మళ్ళీ ఆగాలి. డిసెంబర్‌లో 6 వచ్చింది, గీత మీద వచ్చింది. అది తగ్గితే మళ్ళీ మొదటికి.

ఇది 11 నుంచి 14 నిమిషాల సంభాషణ. మొదట మీ ఊరు, చదువు గురించి మామూలు ప్రశ్నలు. తర్వాత ఒక కార్డు ఇస్తారు, ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. ఆపైన దాని గురించే కాస్త లోతైన ప్రశ్నలు. ప్రాక్టీస్‌లో నేను ఇచ్చిన మొదటి కార్డు: మీరు వెళ్ళిన ఒక రద్దీ ప్రదేశం గురించి చెప్పండి. చెల్లి ముంబై గురించి మొదలుపెట్టింది. గేట్‌వే ఆఫ్ ఇండియా, లోకల్ రైళ్ళు, మెరైన్ డ్రైవ్. నలభై సెకన్లకి ఆగిపోయింది.

“ముంబై ఎప్పుడెళ్ళావు నువ్వు?”

“వెళ్ళలేదన్నయ్యా. నోట్స్‌లో ఉంది.”

“యార్డుకెళ్ళావా?”

“మొన్న నాన్నతో వెళ్ళాగా.”

“అది చెప్పు.”

మొదట తడబడింది. తర్వాత అందుకుంది. తెల్లారగట్లే లారీల వరస, ఎటు చూసినా ఎర్రగా గోనె సంచులు, లోపలికి అడుగు పెట్టగానే తుమ్ములు, కళ్ళల్లో నీళ్ళు, అలవాటైపోయి ఏమీ కానట్టు టీ తాగుతున్న హమాలీలు, ఒక కాయ తీసి విరిచి గింజ చూసి రేటు చెప్పే వ్యాపారి, ఆ రేటు విని మాట్లాడకుండా నిలబడిపోయిన నాన్న. రెండు నిమిషాలు దాటి మాట్లాడింది. వ్యాకరణం తప్పులున్నాయి. కానీ ఆగలేదు, వెతుక్కోలేదు. నాన్న నిలబడిపోయిన దగ్గర మాత్రం కాసేపు ఆగింది. నేనూ ఏమీ అనలేదు.

స్పీకింగ్‌లోనూ నాలుగు కొలతలే. ధారగా మాట్లాడటం, పదాలు, వ్యాకరణం, ఉచ్చారణ. మనకు తెలిసిన సంగతి గురించి మాట్లాడితే మొదటిది దానంతటదే వస్తుంది. చూడని ముంబై గురించి మాట్లాడితే ఒకేసారి రెండు పనులు, అబద్ధం కట్టడం, దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పడం.

ఉచ్చారణ గురించి మనవాళ్ళకి ఉన్న భయం వేరు. యాస ఉంటే మార్కులు పోతాయని యూట్యూబ్ చూసి నాలుక మడతపెట్టి అమెరికన్‌లా మాట్లాడతారు. యాసకి మార్కులు కోయరు. అర్థమవుతోందా లేదా అన్నదే చూస్తారు. కాబట్టి దిద్దుకోవాల్సింది అర్థం మారే చోట్ల. మన ‘వ’ ఒక్కటే, వాళ్ళకి రెండున్నాయి. వెస్ట్ అంటే పడమరా, బనీనా? డబ్ల్యూకి పెదాలు గుండ్రంగా చుట్టాలి, ‘వి’కి పై పళ్ళు కింది పెదవికి తగలాలి. ‘ఎగ్జామ్’ని ‘యెగ్జామ్’ అనే అలవాటు మన వైపు గట్టిగా ఉంది, నాకిప్పటికీ ఆఫీసు కాల్స్‌లో దొర్లుతుంది. పదంలో ఎక్కడ ఒత్తి పలకాలో కూడా వినాలి. మనం ‘డెవలప్’లో మొదటి అక్షరం ఒత్తుతాం, వాళ్ళు రెండోది ఒత్తుతారు. రోజుకి ఐదు పదాలు, ఫోన్‌లో రికార్డు చేసుకుని విని దిద్దుకోవడం. ఇంతకంటే తను ఏమీ చేయలేదు.

ఇంకొకటి చెప్పకపోతే తప్పవుతుంది. చెల్లికి ఫిబ్రవరిలో వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. పరీక్ష రాయకుండానే 7 బ్యాండ్‌తో ఒరిజినల్ సర్టిఫికెట్ ఇప్పిస్తారట. రేటు పరీక్ష ఫీజుకి పది రెట్లు. యూనివర్సిటీలు స్కోర్‌ను ఆన్‌లైన్‌లో నేరుగా సరిచూసుకుంటాయి. కాగితం ఎంత అందంగా ఉన్నా అక్కడ నంబర్ లేకపోతే అడ్మిషన్, వీసా రెండూ పోతాయి, పేరు మీద మచ్చ మిగులుతుంది. బాబాయికి ఈ సంగతి చెబితే, “నకిలీ విత్తనాలు అమ్మేవాళ్ళు దీంట్లోకి కూడా వచ్చారా?” అన్నాడు.

మార్చిలో విజయవాడలో పరీక్ష. నేను సెలవు పెట్టుకుని వెళ్ళాను. హాల్లోకి వాచీ కూడా తీసుకెళ్ళనివ్వరు. తన వాచీ నా చేతికిచ్చి వెళ్ళింది. బయట చెట్టు కింద నాలాంటివాళ్ళు పది మంది. ఒకాయన మార్టూరు నుంచి వచ్చాడు, కొడుకుది మూడోసారి. ఆయన నన్నడిగాడు, “మీ చెల్లెలిది ఎన్నోసారి బాబూ?” రెండోసారి అంటే, “నయమే” అన్నాడు. ఆ ‘నయమే’ చాలా రోజులు నా చెవిలో ఉండిపోయింది.

ఫలితం వచ్చిన సాయంత్రం చెల్లి స్క్రీన్‌షాట్ పంపింది. లిజనింగ్ 7.5, రీడింగ్ 6.5, రైటింగ్ 6, స్పీకింగ్ 6.5. కూడితే 26.5, సగటు 6.625, దగ్గరి అరకి జరిపితే ఓవరాల్ 6.5.

ఐదు నిమిషాల్లో బాబాయి ఫోన్. “ఏందిరా, మళ్ళీ ఆరున్నరేనా! క్వింటాలున్నర మిర్చి పోసినా అక్కడే ఉంది గదరా ముల్లు!”

ఈసారి వివరించడానికి పావుగంట కాదు, అరగంట పట్టింది.

సెప్టెంబర్‌లో చెల్లి డబ్లిన్ వెళ్ళింది. సూట్‌కేస్‌లో ఐదు కేజీల కారం, అదీ పాత కోల్డ్ స్టోరేజీ సరుకు ఆడించిందే. అక్కడ దిగిన మూడో రోజు వాయిస్ మెసేజ్ పెట్టింది. బస్సు దిగేటప్పుడు అందరూ డ్రైవర్‌కి థాంక్స్ చెబుతున్నారట, తనూ చెప్పిందట, ఆయన తిరిగి ఏదో పెద్ద వాక్యమే అన్నాడట, ఒక్క ముక్క అర్థం కాలేదట. నేనప్పుడు పండక్కి ఊళ్ళో ఉన్నాను, స్పీకర్‌లో పెట్టి అందరికీ వినిపించాను. బాబాయి మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

“లిజనింగ్‌లో ఏడున్నర వచ్చిందన్నారుగా దానికి?”